కంప్యూటరు వాద్యబృందం: ఆలస్యానికి కారణాలు, నివారణోపాయాలు

సంగీతం కాలానికి కట్టుబడిన కళ. తాళం అరమాత్ర తప్పినా వినేవారి చెవి పట్టుకొంటుంది. అటువంటి కళను సాధన చేసేవారు నేడు కంప్యూటరు ముందు కూర్చొని, పాట మొదలుపెట్టడానికే పది నిమిషాలు, ఇరవై నిమిషాలు, ఒక్కొక్కసారి అరగంట ఎదురుచూడవలసి రావడం విచిత్రమైన విషయం. చలనచిత్రాలకు, ధారావాహికలకు, ప్రకటనలకు సంగీతం కూర్చే గదులలో ఈ నిరీక్షణ చాలామందికి నిత్యకృత్యమైనది. మన విద్యార్థులలో కొందరు చదువు ముగించి ఆ రంగంలో అడుగుపెడుతున్నారు కనుక, ఈ ఆలస్యం ఎక్కడ పుడుతున్నది, దానిని ఎట్లా కనిపెట్టాలి, ఎట్లా తగ్గించాలి అన్న విషయాలను ఈ వ్యాసంలో వివరించదలచాము. మేము భాషాధ్యాపకులమే గాని ఇంజనీర్లము కాము. అయినా వ్యాకరణదోషాన్ని దిద్దడానికీ, యంత్రదోషాన్ని దిద్దడానికీ పద్ధతి ఒక్కటే. దోషం ఏ పదంలో ఉన్నదో ముందు తెలుసుకొనాలి; పిమ్మట దిద్దాలి.

టెంప్లేట్ అనగా ఏమి?

పూర్వం పాటకు వాద్యసంగీతం కావలెనంటే వాద్యకారులు రావలసి ఉండేది. ఇరవైమంది వయొలిన్లు వాయించాలంటే ఇరవై కుర్చీలు వేయవలసినదే. నేడు ఆ వాద్యాల స్వరాలను ఒక్కొక్కటిగా ముందే రికార్డు చేసి, కంప్యూటరులో భద్రపరచి, మీటలపలక నొక్కినపుడు వినిపించే ఏర్పాటు ఉన్నది. అట్లా భద్రపరచిన ఒక్కొక్క ధ్వనిముక్కను శాంపిల్ అంటారు. ఈ ఆలోచన కొత్తది కాదు. 1963లో ఇంగ్లాండులో వెలువడిన మెలోట్రాన్ అనే వాద్యంలో ప్రతి మీట కింద ఒక టేపుముక్క ఉండేది. మీట నొక్కితే దాదాపు ఎనిమిది సెకనులపాటు ఆ ధ్వని వినిపించి ఆగిపోయేది. 1983లో మిడి అనే ఉమ్మడి ప్రమాణం ఏర్పడి, వేర్వేరు సంస్థల ఎలక్ట్రానిక్ వాద్యాలు పరస్పరం సంకేతాలు పంపుకొనే వీలు కలిగింది. 1996లో జర్మనీకి చెందిన స్టైన్‌బర్గ్ సంస్థ వీఎస్‌టీ అనే ప్లగిన్ విధానాన్ని ప్రవేశపెట్టింది. 1998లో వచ్చిన గిగాశాంప్లర్, శాంపిల్ మొత్తాన్ని జ్ఞాపకశక్తిలోకి ఎక్కించకుండా, డిస్కు నుండి వాయిస్తున్న కొద్దీ తెచ్చుకొనే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. 2002లో బెర్లిన్ నగరపు నేటివ్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థ కాంటాక్ట్ అనే ప్రోగ్రామును విడుదల చేసింది. 2009లో ఆస్ట్రియాకు చెందిన వియన్నా సింఫోనిక్ లైబ్రరీ సంస్థ వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో అనే ప్రోగ్రామును తెచ్చింది. ఇది వాద్యాలకు ఆతిథ్యమిచ్చే సత్రం వంటిది. పాట కూర్చే ప్రోగ్రాము ఒక చోట, వాద్యాలన్నీ ఈ సత్రంలో మరొక చోట ఉండవచ్చును. ఆ మరొక చోటు అదే కంప్యూటరు కావచ్చు, తీగతో కలిపిన వేరొక కంప్యూటరు కావచ్చు.

ప్రతి పాటకూ వాద్యాలను మళ్ళీ మళ్ళీ వెదికి తెరచుకోవడం శ్రమ కనుక, కావలసిన వాద్యాలన్నింటినీ ఒకసారి అమర్చి, పేర్లు పెట్టి, ధ్వనిస్థాయిలు సరిచేసి భద్రపరచుకొంటారు. దానినే టెంప్లేట్ అంటారు. పెళ్ళివంటకు పొయ్యిలు తవ్వి, గుండిగలు పేర్చి, దినుసులు విడివిడిగా పెట్టుకొన్నట్లు అనుకోవచ్చును. వంట త్వరగా సాగాలనే ఈ ఏర్పాటంతా. కాని ఆ ఏర్పాటు సిద్ధం కావడానికే పూట గడచిపోతే, అతిథులు ఆకలితో లేచిపోతారు.

లెక్క వేసి చూస్తే

ఒక వాద్యానికి ఎన్ని శాంపిళ్ళు కావాలో ఉజ్జాయింపుగా లెక్క వేద్దాము. వయొలిన్ బృందానికి 40 స్వరాలు తీసుకొందాము. ప్రతి స్వరాన్నీ మెల్లగా, మధ్యస్థంగా, గట్టిగా, మరింత గట్టిగా నాలుగు స్థాయిలలో వాయించాలి. ఒకే స్వరం పదేపదే వాయించినపుడు యాంత్రికంగా వినిపించకుండా ప్రతిదానినీ నాలుగుసార్లు రికార్డు చేస్తారు. అప్పటికి 640 అయినవి. కమానుతో దీర్ఘంగా లాగడం, తుంచి వాయించడం, వేలితో మీటడం వంటి వాదనరీతులు 15 ఉన్నవనుకొంటే 9,600. దగ్గరి మైకు, మధ్య మైకు, దూరపు మైకు అని మూడింటితో రికార్డు చేస్తే 28,800. ఇది ఒక్క బృందపు లెక్క. మొదటి వయొలిన్లు, రెండవ వయొలిన్లు, వయోలాలు, చెల్లోలు అని నాలుగు బృందాలను కలిపితే 1,15,200. ఇంకా వేణువులు రాలేదు, బాకాలు రాలేదు, తబలా, డోలక్ రాలేదు.

ఇన్ని శాంపిళ్ళను కంప్యూటరు ఎట్లా పట్టుకొంటుందో తెలుసుకొనడానికి మన కళాశాల గ్రంథాలయాన్ని తలచుకోవాలి. లక్ష పుస్తకాలున్న గ్రంథాలయంలో ఒకే ఒక అటెండరు ఉన్నాడనుకొందాము. పాఠకుడు ఏ పుస్తకం అడుగుతాడో ముందుగా తెలియదు. అడిగిన క్షణంలోనే అందించాలి. అన్ని పుస్తకాలనూ బల్ల మీద పేర్చడానికి బల్ల చాలదు. అందుచేత ప్రతి పుస్తకంలోని మొదటి పుటను మాత్రం నకలు తీసి బల్ల మీద ఉంచుతారు. పాఠకుడు మొదటి పుట చదువుతుండగా అటెండరు వెళ్ళి మిగతా పుస్తకాన్ని తెచ్చి ఇస్తాడు. ఇక్కడ బల్ల అనగా ర్యామ్. బీరువాలు అనగా డిస్కు. మొదటి పుట అనగా ప్రీలోడ్ బఫర్. కాంటాక్ట్‌లో ఈ మొదటి పుట సాధారణంగా శాంపిల్ ఒక్కింటికి 60 కిలోబైట్లు. స్టీరియోలో, 24 బిట్ల నాణ్యతలో, సంపీడనం లేని ధ్వని సెకనుకు సుమారు 265 కిలోబైట్లు తీసుకొంటుంది కనుక, ఈ 60 కిలోబైట్లు దాదాపు పావు సెకను ధ్వనికి సమానం. ఆ పావు సెకనులో డిస్కు మిగతాది తెచ్చి అందిస్తుంది.

టెంప్లేట్ తెరుచుకొనే సమయంలో జరిగే ముఖ్యమైన పని ఈ మొదటి పుటలను బల్ల మీద పేర్చడమే. లక్ష శాంపిళ్ళకు 60 కిలోబైట్ల చొప్పున 6 గిగాబైట్లు. తిరిగే హార్డ్ డిస్కు వరుసగా చదివితే సెకనుకు 150 మెగాబైట్లు చదవగలదు. ఆ లెక్కన 40 సెకనులు చాలాలి. కాని శాంపిళ్ళు వరుసగా ఉండవు. డిస్కులోని చదివే చేయి ఒక్కొక్కదాని కోసం జరుగుతూ పోవాలి. ఒక్కొక్క కదలికకు సుమారు 10 మిల్లీసెకనులు పట్టితే, లక్ష కదలికలకు 1,000 సెకనులు, అనగా పదహారు నిమిషాలకు పైగా. పుస్తకం బరువు కంటె నిచ్చెన ఎక్కి దిగడమే అటెండరుకు ఎక్కువ శ్రమ అన్నమాట. కదిలే భాగాలు లేని ఎస్‌ఎస్‌డీలో ఈ నిచ్చెన దాదాపు లేనట్లే. తెరుచుకొనే సమయం ఎస్‌ఎస్‌డీతో ఎందుకు అంతగా తగ్గుతుందో దీనివలన బోధపడుతుంది.

రోగనిర్ణయం

అయితే ప్రతి ఆలస్యానికీ డిస్కే కారణమని నిర్ణయించరాదు. రోగమొకటి, మందొకటి కాకూడదు. డబ్బు ఖర్చు లేకుండా చేయదగిన పరీక్ష ఒకటి ఉన్నది. కంప్యూటరును పూర్తిగా ఆపి, మళ్ళీ వెలిగించి, గడియారం దగ్గర పెట్టుకొని టెంప్లేట్ తెరవండి. ఎంత సమయం పట్టినదో కాగితం మీద రాయండి. పిమ్మట కంప్యూటరును ఆపకుండా, ప్రోగ్రామును మాత్రం మూసి, మళ్ళీ అదే టెంప్లేట్ తెరవండి. కంప్యూటరు ఇటీవల చదివిన సమాచారాన్ని ఖాళీగా ఉన్న ర్యామ్‌లో కొంతసేపు దాచుకొంటుంది. కనుక రెండవసారి ఎంతో త్వరగా తెరుచుకొంటే, మొదటిసారి ఆలస్యానికి డిస్కు కారణమని గ్రహించవచ్చును. రెండవసారీ దాదాపు అంతే సమయం పడితే డిస్కు నిర్దోషి కావచ్చును. దోషం మరెక్కడనో ఉన్నది. ర్యామ్ ఇరుకుగా ఉంటే ఈ పరీక్ష సరిగా పనిచేయదన్న సంగతి మాత్రం గుర్తుంచుకొనాలి.

విండోస్‌లో టాస్క్ మేనేజర్, మాక్‌లో యాక్టివిటీ మానిటర్ అనే కొలమానాలు ఉన్నవి. టెంప్లేట్ తెరుచుకొంటుండగా వాటిని చూడాలి. డిస్కు పని నూటికి నూరుపాళ్ళు కనిపిస్తే అటెండరు అలసిపోయినట్లు. డిస్కు తీరికగా ఉండి, ప్రాసెసరులో ఒకే ఒక కోర్ కష్టపడుతుంటే ఆలస్యం వాద్యపు లోపలి స్క్రిప్టులలో ఉన్నట్లు. ర్యామ్ పూర్తిగా నిండిపోయి ఉంటే, కంప్యూటరు బల్ల మీది కాగితాలను మళ్ళీ బీరువాలో పెడుతూ, మళ్ళీ తీస్తూ కాలం వృథా చేస్తున్నట్లు. ఈ మూడవ స్థితిలో వాద్యాలను తగ్గించడమో, ర్యామ్ పెంచడమో తప్ప వేరు మార్గం లేదు.

ఒక అనుభవం

మా కళాశాలలో చదివిన ఒక పూర్వవిద్యార్థి పట్టణంలో మేడమీద గది అద్దెకు తీసుకొని రికార్డింగు పని చేస్తున్నాడు. పెళ్ళిపాటలు, జానపదాలు, గజళ్ళు, చిన్న చిత్రాలకు నేపథ్య సంగీతం అతని జీవనాధారం. అతని టెంప్లేట్ తెరుచుకొనడానికి 22 నిమిషాలు పట్టేది. నడుమ ఒకసారి ప్రోగ్రాము ఆగిపోతే మరి 22 నిమిషాలు. గంట లెక్కన గదికి సొమ్ము చెల్లించే గాయకుడు ఊరకే కూర్చొంటే ఎవరికి నష్టమో చెప్పనక్కరలేదు. శాంపిళ్ళను పాత హార్డ్ డిస్కు నుండి కొత్త ఎస్‌ఎస్‌డీకి మార్చిన తరువాత కూడ ఫలితం లేకపోయినది. కంప్యూటరే మార్చవలెనని ఒక వర్తకుడు సలహా ఇచ్చినాడు. లక్షన్నర అప్పు చేయడానికి అతడు సిద్ధపడుతుండగా సంగతి మాకు తెలిసి, ఒక ఆదివారం ఇద్దరమూ కూర్చొని పైన చెప్పిన పరీక్ష చేసినాము.

రెండవసారి కూడ 20 నిమిషాలు దాటింది. డిస్కు కొలమానం తీరికగా ఉన్నది. పరిశీలించగా తెలిసినదేమనగా, ప్రతి వాద్యపు ఫైలులో శాంపిళ్ళు ఎక్కడ ఉన్నవో తెలిపే చిరునామా ఉంటుంది. శాంపిళ్ళు కొత్త ఇంటికి మారినవి గాని చిరునామాలు పాతవే. ప్రోగ్రాము ముందు పాత ఇంటికి వెళ్ళి, అక్కడ లేవని తెలుసుకొని, వీధి వీధి వెదికి, చివరకు కొత్త ఇల్లు చేరుతున్నది. ఇది ప్రతి ఉదయం జరుగుతున్నది. దీనికి కాంటాక్ట్‌లో బ్యాచ్ రీసేవ్ అనే సాధనం ఉన్నది. అది ఒక ఫోల్డరులోని వాద్యాలన్నింటిలోను కొత్త చిరునామాలు రాసి భద్రపరుస్తుంది.

ఆ పని చేసిన తరువాత కూడ టెంప్లేట్ మొదట త్వరపడలేదు. కారణం తార్కికమైనదే. టెంప్లేట్ తనలో వాద్యపు స్థితినంతా నకలుగా దాచుకొంటుంది. ఆ నకలులో పాత చిరునామా అట్లాగే ఉన్నది. అందుచేత వాద్యాలను టెంప్లేట్‌లో మళ్ళీ కొత్తగా తెరచి, టెంప్లేట్‌ను మళ్ళీ భద్రపరచవలసి వచ్చినది. అప్పుడు 22 నిమిషాలు 7 నిమిషాలైనది. పిమ్మట ఉపయోగం లేని మైకులను, అరుదుగా వాడే వాద్యాలను నిలుపు చేయగా 3 నిమిషాలకు దిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి అవసరం లేకపోయినది, అప్పు తప్పినది.

పాటించదగిన క్రమం

విద్యార్థులు ఈ కింది క్రమాన్ని పాటించడం మంచిదని మా అభిప్రాయం. ఖర్చు లేనివి ముందు, ఖర్చుతో కూడినవి చివర అన్నదే ఈ క్రమానికి సూత్రం.

మొదటిది, చిరునామాలు. శాంపిళ్ళను మార్చినపుడల్లా బ్యాచ్ రీసేవ్ చేయాలి. అయితే ఈ సాధనం ఉన్న ఫైలుల మీదనే తిరిగి రాస్తుంది. కనుక ముందుగా నకలు తీసి వేరొక డిస్కులో దాచుకొనక తప్పదు.

రెండవది, కాపలాదారు. వైరస్ నిరోధక ప్రోగ్రాము తెరిచే ప్రతి ఫైలును సోదా చేస్తుంది. లక్ష శాంపిళ్ళకు లక్ష సోదాలు. నమ్మకమైన సంస్థ నుండి కొన్న శాంపిళ్ళున్న ఫోల్డరును మాత్రం సోదా నుండి మినహాయించవచ్చును. కంప్యూటరు మొత్తానికి కాపలా తీసివేయడం అవివేకం. దొంగప్రతులుగా తెచ్చుకొన్న ఫైలులకు ఈ మినహాయింపు ఇవ్వడం దొంగకు తాళం చెవి ఇచ్చినట్లే.

మూడవది, పొదుపు. మూడు మైకులలో ఒకటే వాడుతుంటే మిగతా రెండింటిని ఆపాలి. పై లెక్క ప్రకారం 28,800 శాంపిళ్ళు 9,600కు దిగుతవి. కాంటాక్ట్‌లో పర్జ్ అనే ఏర్పాటు ఉన్నది. దానితో శాంపిళ్ళను బల్ల మీది నుండి తొలగించి, వాయించిన స్వరాలను మాత్రమే అప్పటికప్పుడు తెప్పించుకొనవచ్చును. అంతా తొలగించి భద్రపరచిన టెంప్లేట్ ఎంతో తేలికగా తెరుచుకొంటుంది. మొదటిసారి ఒక స్వరం నొక్కినపుడు అది వెంటనే పలకకపోవచ్చును. అది ఈ పద్ధతికి చెల్లించవలసిన సుంకం.

నాలుగవది, మొదటి పుట పరిమాణం. శాంపిళ్ళు ఎస్‌ఎస్‌డీలో ఉన్నపుడు 60 కిలోబైట్లను 12కు తగ్గించినా తరచుగా ఇబ్బంది ఉండదు. లక్ష శాంపిళ్ళకు 6 గిగాబైట్ల చోట 1.2 గిగాబైట్లు చాలును. హార్డ్ డిస్కులో మాత్రం ఇట్లా తగ్గించరాదు. నిచ్చెన ఎక్కే సంఖ్య తగ్గదు సరికదా, వాయించేటపుడు అటెండరు సకాలంలో రాలేక ధ్వని తెగిపోతుంది.

అయిదవది, దారి. బయటి డిస్కును పాత యూఎస్‌బీ 2.0 ద్వారంలో పెట్టితే ఆచరణలో సెకనుకు 35 నుండి 40 మెగాబైట్లకు మించి రావు. డిస్కు ఎంత వేగమైనదైనా ఇరుకు గుమ్మం గుండా రావలసిందే. ద్వారం మార్చడానికి ఖర్చు లేదు. తీగ మార్చడానికి స్వల్పం. ఇవన్నీ చేసిన పిమ్మటనే ఆరవదైన ఎస్‌ఎస్‌డీ గురించి, ఏడవదైన ర్యామ్ గురించి, చిట్టచివరగా కొత్త కంప్యూటరు గురించి ఆలోచించాలి. స్క్రిప్టుల వలన కలిగే ఆలస్యం ఎంత గొప్ప డిస్కు కొన్నా తగ్గదు. దానికి ఆ వాద్యాన్ని అవసరమైనపుడే తెరవడం ఉత్తమం.

సత్రం చేసే మేలు

వియన్నా ఎన్‌సెంబుల్ ప్రో వంటి ఆతిథ్య ప్రోగ్రాము అసలు ఆలస్యాన్ని తగ్గించదు. దానిని రోజుకు ఒక్కసారికి పరిమితం చేస్తుంది. పాట మారినపుడల్లా వాద్యాలు మూతపడి మళ్ళీ తెరుచుకొనే అవసరం లేకుండా, అవి సత్రంలోనే ఉండిపోతవి. ఇందుకు ప్రిజర్వ్ అనే మీటను నొక్కి ఉంచాలి. అది లేకపోతే పాట మూసినపుడు వాద్యాలూ వెళ్ళిపోతవి. ఉదయం ఒకసారి సత్రాన్ని తెరచి, ఆపై రోజంతా పాట వెంట పాట క్షణాలలో తెరచుకొనవచ్చును. నడుమ పాట కూర్చే ప్రోగ్రాము ఆగిపోయినా వాద్యాలు చెదరవు.

రెండవ మీట డీకపుల్. సాధారణంగా పాటను భద్రపరచినపుడల్లా సత్రంలోని వాద్యాల స్థితి కూడ పాటఫైలులోకి చేరుతుంది. వాద్యాలు వందలుగా ఉంటే, తనంతట తాను భద్రపరచుకొనే ప్రతిసారీ పని ఆగి చూడవలసి వస్తుంది. డీకపుల్ చేస్తే ఈ బరువు తొలగుతుంది. అయితే అప్పుడు సత్రపు ప్రాజెక్టును విడిగా భద్రపరచుకొనే బాధ్యత మనది. ఆ బాధ్యత మరచినవాడు ఆరునెలల తరువాత పాటను తెరచి, వాద్యాలు మారిపోయి ఉండటం చూసి విచారిస్తాడు. వాడని వాద్యాలను సత్రంలోనే డిసేబుల్ చేసి ఉంచితే అవి పేరుకు ఉంటవి గాని ర్యామ్‌ను ఆక్రమించవు. కావలసినపుడు ఒక నొక్కుతో మేలుకొంటవి. వందలకొద్ది వాద్యాలు గల టెంప్లేట్‌ను చిన్న కంప్యూటరులో నడపడానికి ఇదే ఆధారం.

చివరి మాట

ఒకసారికి ఒక్క మార్పు మాత్రమే చేయాలి. చేసిన మార్పు, తేదీ, తెరుచుకొనడానికి పట్టిన నిమిషాలు ఒక పుస్తకంలో రాసుకొనాలి. నాలుగు మార్పులు ఒక్కసారి చేసినవానికి వేగం పెరిగినా ఎందుకు పెరిగినదో తెలియదు. తగ్గినా ఎందుకు తగ్గినదో తెలియదు. ఆలస్యం అమృతం విషం అన్నారు పెద్దలు. కాని తొందరపాటుతో చేసిన కొనుగోలు ఆలస్యం కంటె ఎక్కువ విషమవుతుంది. ఈ రంగంలో ప్రవేశించే మన పిల్లలలో అధికులు చిన్న సంపాదనల ఇండ్ల నుండి వచ్చినవారు. వారికి లక్ష రూపాయలు సామాన్యమైన మొత్తం కాదు.

కళాశాల పాలకవర్గం వారికి కూడ మా విన్నపం ఒకటి ఉన్నది. ప్రయోగశాలలోని కంప్యూటర్లు నెమ్మదించినవని పక్కన పెట్టే ముందు, ప్రతి యంత్రానికీ ఒక పుస్తకం పెట్టించి, ఈ వ్యాసంలో చెప్పిన పరీక్షను విద్యార్థుల చేతనే చేయించవలెను. డిస్కు ఒక్కటి మార్చితే పనికివచ్చే యంత్రాలు వాటిలో కొన్ని తేలవచ్చును. తేలకపోయినా, కారణం వెదకి నిర్ణయానికి రావడం అనే విద్య విద్యార్థులకు అలవడుతుంది. ఆ విద్యకు ఏ పాఠ్యప్రణాళికలోను ప్రత్యేకమైన పీరియడు లేదు గనుక, ఇటువంటి అవకాశాలను మనమే కల్పించుకొనవలసి ఉన్నది.